మూడో మెట్టు ఎటునుంచి?

2017 ఏప్రిల్ 10, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు ఒక చెరువు కట్ట మీద నిలబడి చీటీ రాశాను. "రేపటి నుంచి తూము తీసి, నీళ్లు మూడో మెట్టు వరకు దించవలెను." కింద సంతకం, తేదీ. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. దానివల్ల ఏమేం పోయాయో లెక్క తేల్చడానికి దాదాపు మూడేళ్లు పట్టింది.

ఆ చెరువు చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఊరిది. ఊరి పేరు రాయను. తప్పు నాది, ఊరిది కాదు. నేను మత్స్య శాఖలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య నేను దిగని చెరువు లేదు. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ కుర్చీలో కూర్చున్నానో మీకు అక్కర్లేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు తెలుసుకోవలసింది వేరే ఉంది. మనం చేపల కోసం జీతం తీసుకుంటాం. కానీ చెరువును నిలబెట్టేది చేప కాదు. చేప తినేవీ, చేప తినకుండా వదిలేసినవీ, మన చూపుడు వేలి గోటి మీద నాలుగు పట్టేవీ. వాటి గురించే ఇది.

పురుగులమ్మ

నా దగ్గర ఒక చేతి వల, ఒక తెల్ల ఎనామిల్ పళ్లెం, ఒక డ్రాపర్, ఒక పుస్తకం ఉండేవి. వలతో నీళ్లలో పది వేట్లు వేస్తాను. వచ్చినదాన్ని పళ్లెంలో కొంచెం నీళ్లు పోసి కడుగుతాను. ఒక నిమిషం ఊరుకోవాలి. మొదట అంతా చెత్తలాగే కనిపిస్తుంది. తరువాత చెత్త నడవడం మొదలుపెడుతుంది. తూనీగ పిల్ల కాళ్లు విదిల్చుకుంటుంది. వెల్లకిలా ఈదే పురుగు రెండు తెడ్లు వేసినట్టు పళ్లెం చుట్టూ తిరుగుతుంది. నీటితేలు ఎండుటాకులా నటించి నటించి, ఇక ఎవరూ చూడటం లేదనుకుని తోక కదుపుతుంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ ఒక్క నిమిషం నాకు ఎప్పుడూ విసుగు పుట్టించలేదు.

ఊళ్లలో నన్ను పురుగులమ్మ అనేవారు. మొదట నా వెనక, తరువాత నా ముందే. "ఈ వేళ ఎన్నమ్మా మీ పురుగులు? ఓటర్ల లిస్టులో ఎక్కించారా?" అని కట్ట మీద గేదెలు కాసేవాళ్లు అడిగేవారు. ఎక్కించానండి, మీ వార్డు కంటే ఎక్కువే ఉన్నాయి అనేదాన్ని.

కానీ మొదటి రెండేళ్లు నేను తప్పు చోట వల వేశాను. చెరువు మధ్యకి తెప్ప మీద వెళ్లి, మొక్క లేని తేట నీటిలో వల ముంచి, ఏమీ రాకపోతే "మేత తక్కువ" అని రాసేదాన్ని. ఆ తప్పు దిద్దింది అంకమ్మ.

అంకమ్మ ఆ చెరువులో చిట్టి రొయ్యలు పట్టే మనిషి. వేలి గోరంత రొయ్యలు, గాజుముక్కల్లా ఉంటాయి. ఆ ఊళ్లో ఆరుగురు ఆడవాళ్లకు అదే పని. పొద్దున్నే నడుం లోతు నీళ్లలో దిగి, నాచు కింద వెదురు బుట్ట పెట్టి, నాచును పైకి లాగి, అరచేత్తో రెండు దెబ్బలు కొడతారు. రొయ్యలు బుట్టలో రాలతాయి. నాచును మళ్లీ నీళ్లలోనే వదిలేస్తారు, తెంపరు. ఎండ ఎక్కకముందే నందిగామ బస్సు ఎక్కి బజారులో కూర్చుంటారు. అంకమ్మకు ఇంకో విద్య ఉంది. చెయ్యి నీళ్లలోనే ఉంచి, చూడకుండా, గుడ్లున్న తల్లి రొయ్యల్ని వేళ్లతో తడిమి వేరుచేసి వదిలేసేది. నేను ఒకసారి లెక్కపెట్టాను. బుట్టలో నలభై ఎనిమిది రొయ్యలు, ఒక్కదానికీ గుడ్లు లేవు.

నేను తెప్ప మీద నుంచి దిగుతుంటే ఆమె అడిగింది, ఏమన్నా దొరికాయా అని. ఏమీ లేవన్నాను.

"నడివీధిలో నిలబడి ఊళ్లో జనం లేరంటే ఎట్టాగమ్మా? ఇళ్లలో చూడాల."

ఇళ్లంటే ఏవని అడిగితే నా చెయ్యి పట్టుకుని నాచులోకి తీసుకుపోయింది. ఆ రోజు పది వేట్లకు నా పళ్లెంలో 214 ప్రాణాలు. తేట నీటిలో పది వేట్లకు 19. నేను పుస్తకాల్లో చదువుకోకపోలేదు. చదువుకున్నది తడవలేదంతే.

ఆ తరువాత ఒక్కో మొక్కనీ ఒక్కో పేటలాగా చూడటం నేర్చుకున్నాను. సన్నని ఆకుల నాచులో అన్నిటికంటే ఎక్కువ కాపురాలు, ఎందుకంటే ఆకు ఎంత చీలితే పట్టుకోవడానికి అంత చోటు, దాక్కోవడానికి అంత నీడ. గుర్రపుడెక్క పరుచుకున్నచోట అంచున వేళ్లలో బాగానే ఉంటాయి, కానీ నడిమధ్యకు పోతే కింద గాలాడదు, నీళ్లు కంపు కొడతాయి, పళ్లెం ఖాళీ. జమ్ము కాడలు వేరు. తూనీగ పిల్ల పెద్దదయ్యాక ఆ కాడ పట్టుకుని పైకి ఎక్కి, వీపు చీల్చుకుని, రెక్కలతో ఎగిరిపోతుంది. వదిలేసిన చొక్కా కాడకే ఉంటుంది. కాలు తడవకుండా లెక్కపెట్టుకోవచ్చు.

దించడం తప్పు కాదు

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. చెరువు నీళ్లు దించడం పాపం అని నేను అనను. ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉన్న చెరువు ముసలిదైపోతుంది. అంచులు కొన్నాళ్లు ఎండాలి. ఎండిన చోట గడ్డి మొలవాలి, మళ్లీ నీళ్లు వచ్చి ఆ గడ్డిని ముంచాలి. ఆ కుళ్లిన గడ్డి మీద పుట్టే పురుగుల సంతే వానాకాలపు చేపపిల్లకు పండగ. ఎప్పుడు దించుతున్నాం, ఎంత నెమ్మదిగా దించుతున్నాం, అడుగున ఎంత మిగులుస్తున్నాం, అంతే ప్రశ్న.

2017లో ఆ చెరువు మూడో వంతు గుర్రపుడెక్కతో నిండిపోయింది. లాగుడు వల సాగడం లేదని చేపలు పట్టేవాళ్ల సంఘం గోల. నా ఆలోచన ఇది: తూముకు తొమ్మిది మెట్లున్నాయి. నీళ్లు పై మెట్టు దాకా ఉన్నాయి. మూడు మెట్లు బయటపడేదాకా దించితే అంచులు ఆరతాయి, గుర్రపుడెక్క మట్టి మీద కూర్చుంటుంది, కోసి ఒడ్డుకు లాగేయొచ్చు. లోపల ఆరు మెట్ల నీళ్లు, అందులో నాచు, నాచులో రొయ్యలు. ఆలోచనలో ఇప్పటికీ నాకు తప్పు కనపడదు.

తూము తీసి కట్టే మనిషిని అటు పక్క నీరటి అంటారు. ఆ చెరువు నీరటి ముత్తయ్య. వాళ్ల నాన్న కూడా ఆ తూమే చూశాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ, తెలంగాణ వైపు చుట్టరికం కాబట్టి అప్పుడప్పుడు ఆ యాస దొర్లేది. ఎప్పుడూ నోటితోనే చెప్పేదాన్ని. ఆ సోమవారం అతను కాలువ దగ్గరికి వెళ్లాడు. నేను తొమ్మిది గంటలకు విజయవాడలో శిక్షణకు ఉండాలి. అందుకని చీటీ రాసి సంఘం అధ్యక్షుడి చేతికిచ్చి బస్సెక్కాను. శిక్షణ పన్నెండు రోజులు.

ఏప్రిల్ 22

శనివారం పొద్దున్నే వచ్చాను. కట్ట ఎక్కేసరికి వాసన తెలిసింది. చెరువు లేదు. తూము ముందు ఒక మడుగు, అందులో గేదెలు. మిగతాదంతా నల్లమట్టి, అప్పుడే నెర్రెలు విడుస్తోంది. దాని మీద నాచు ఉతికి ఆరేసిన పాత చీరలా పడి ఉంది. వంగి ఒక కుచ్చు తీశాను. చేతిలో పొడైంది. అందులో రొయ్యలు ఉప్పుకల్లుల్లా ఎండి ఉన్నాయి. పళ్లెం తీయలేదు. లెక్కపెట్టడానికి కదిలేది ఏదీ లేదు.

ముత్తయ్య తూము దగ్గరే ఉన్నాడు. ఎంతవరకు దించమన్నాను నేను, అని అడిగాను. చీటీ మడిచి జేబులోనే పెట్టుకుని ఉన్నాడు. తీసి చూపించాడు.

"మూడో మెట్టమ్మగారూ. మూడు మెట్ల నీళ్లు ఉంచిన. ఇగో, లెక్కపెట్టుకోండి."

కిందనుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

నేను పైనుంచి దిగే మనిషిని. కట్ట మీద నిలబడి చూస్తే మొదట కాలు పెట్టేది ఒకటో మెట్టు. ముత్తయ్యకు మెట్లు నీళ్లవి, మనుషులవి కావు. నీళ్లు ఎక్కేది కిందనుంచి. ఒకటో మెట్టు మునిగితే పశువులకు తాగడానికి వచ్చినట్టు. నాలుగోది మునిగితే నారు పోసుకోవచ్చు. తొమ్మిదోది మునిగితే అలుగు చూసుకోవాలి. వాళ్ల నాన్న అలాగే లెక్కపెట్టాడు. ఊరంతా అలాగే లెక్కపెడుతుంది. పదిహేడేళ్లు ఆ తూము మీద కూర్చుని మజ్జిగన్నం తిన్నాను, ఎటునుంచి లెక్కపెడతారో ఒక్కసారి అడగలేదు. ఇంతకుముందు నోటితో చెప్పేటప్పుడు చేత్తో చూపించేదాన్ని కాబట్టి ఆ తేడా ఎప్పుడూ బయటపడలేదు.

అంత అడుక్కి దించమంటే నీకు అనుమానం రాలేదా ముత్తయ్యా, అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"వచ్చింది. నోటితో చెప్పుంటే అడిగేటోణ్ణి. కాయితం మీద రాసిస్తిరి. కాయితాన్ని ఏమడుగుత?"

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. నా మీద ఎవరికీ కోపం రాలేదు. సంఘం వాళ్లు మడుగులో చేపలన్నీ చేతులతో ఏరుకున్నారు. గుర్రపుడెక్క ఎండిపోయింది. అధ్యక్షుడు నాకు కొబ్బరిబోండాం కొట్టించి, ఏటా ఇలాగే దించమని అడిగాడు. చెరువు అద్దంలా ఉంటుందట.

అంకమ్మ కట్టకు అవతల కూర్చుని ఉంది. ఖాళీ బుట్ట పక్కన. పోట్లాడటానికి వచ్చిందనుకున్నాను. అదీ లేదు.

"రొయ్యలు మళ్లీ వస్తాయామ్మా?"

వస్తాయన్నాను.

"ఎట్టా వస్తాయి? వాటికి రెక్కల్లేవుగా."

ఇరవై ఏళ్లుగా నేను చదివిందంతా ఆమె ఒక్క ప్రశ్నలో అడిగేసింది.

మా ఏడీ గారు

ఏడీ అంటే అసిస్టెంట్ డైరెక్టరు, నా పై అధికారి. ఆయన పేరు రాయను, బతికుంటే మొహమాటపడతారు. పురుగులంటే ఆయనకు గిట్టదు. పళ్లెం ఆయన బల్ల మీద పెడితే కాఫీ గ్లాసు దూరం జరిపేవారు. జరిగింది జరిగినట్టు రాసి తీసుకెళ్లాను. చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇందులో తప్పేముందమ్మా అన్నారు. చేపలు దొరికాయి, గుర్రపుడెక్క పోయింది, మంచిపని అని రాసి పంపుదాం.

"లెక్క తప్పింది నేనండి."

"ఇది చదివేవాడు లేడు. నీకూ తెలుసు."

"తెలుసండి."

ఆయన సంతకం పెట్టారు, ఒక్క మాట మార్చకుండా. నేను తలుపు దగ్గరికి వెళ్లాక పిలిచి, జీపు తీసుకెళ్లమన్నారు. "నాచు మోశానని మాత్రం లాగ్‌బుక్కులో రాయకు తల్లీ" అన్నారు. నా సర్వీసులో ఆయనకంటే తెలివైన అధికారులను చూశాను. ఆయనకంటే మంచివాళ్లను ఇద్దరిని చూశాను.

ముందు ఇళ్లు, తరువాత జనం

ఆగస్టులో కాలువ నీళ్లు వచ్చాయి. వారానికొకసారి పళ్లెం పట్టుకుని వెళ్లాను. మొదట గేదెల గిట్టల గుంటల్లో దోమ పిల్లలు. వాటిని తినే తూనీగ పిల్ల ఒక్కటీ లేదు మరి. తరువాత బురదలో ఎర్రపురుగులు, దారప్పోగుల్లా. ఆవగింజలో పావు వంతు ఉండి, గెంతుతూ ఈదే చుక్కల్లాంటి నీటి పురుగులు వాటంతట అవే లేచాయి. వాటి గుడ్లు ఎండు మట్టిలో ఏళ్ల తరబడి ఓపిక పట్టగలవు. వెల్లకిలా ఈదేవి, పెంకు పురుగులు పక్క చెరువుల నుంచి ఎగిరి వచ్చాయి. తూనీగలు వచ్చి గుడ్లు పెట్టాయి, కానీ దాక్కోవడానికి మొక్క లేక పిల్లలన్నీ చేపల పాలయ్యాయి. నత్తలు లేవు. రొయ్యలు లేవు. అంకమ్మ చెప్పినట్టు, రెక్కలున్నవి వచ్చాయి. లేనివి రాలేదు.

సెప్టెంబరులో అంకమ్మా నేనూ మునేరు మడుగుల్లోంచి నాచూ రొయ్యలూ కలిపి తడి గోనెసంచుల్లో నింపి జీపులో తెచ్చాం. ఆరు సంచులు. చెరువులో వదిలాం. సంబరపడ్డాను, తేదీ ఎర్ర సిరాతో రాశాను. నాలుగు వారాల తరువాత పది వేట్లకు ఒక్క రొయ్య లేదు. కొత్త నీళ్లు బురదగా ఉన్నాయి, నాచు వేరు పట్టలేదు, రొయ్యల్ని చేపలు ఏరుకు తిన్నాయి. తలుపుల్లేని ఇంట్లో కాపురం పెట్టించాను.

మరుసటి ఏడు పద్ధతి మార్చింది ముత్తయ్య. చెరువు మూలన వెదురు తడికలు పాతి, చేపలు రాకుండా కట్టాడు. అందులో నాచు ఒక్కటే నాటాం. ఒక వానాకాలం అంతా దాన్ని ముట్టలేదు. అది కిందనుంచి పైకి అల్లుకుని, నీళ్లు తేటపడ్డాక, 2019 ఫిబ్రవరిలో రొయ్యలు వదిలాం. ఈసారి నిలబడ్డాయి. తడికలు తీశాక చెరువులోకి పాకాయి. ఆ రెండేళ్లూ ముత్తయ్య తూము తీసే ముందు నాకు ఫోన్ చేసి, "కిందనుంచి ఎన్నమ్మగారూ?" అని అడిగేవాడు. ఎగతాళి కాదు. అతని గొంతులో ఎగతాళి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. చెరువు మొత్తం ఒకేసారి ఎండనివ్వకండి. నాచున్న మడుగు ఒకటి ఎప్పుడూ మిగలాలి, మిగతా చెరువుకు అదే విత్తనం. ఏ మొక్కనైనా అంతా పీకకండి, కంపు కొట్టే గుర్రపుడెక్కను కూడా అంచున కొంత వదలండి. చెరువు అద్దంలా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే భయపడండి. తూము దగ్గర చీటీలు రాయకండి. మనిషితో కలిసి మెట్లు దిగండి, కాలితో చూపించండి.

2020 జనవరి 5, ఆదివారం

అంకమ్మ అప్పటికి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర డాబాలో గిన్నెలు తోముతోంది. లారీలవాళ్ల పళ్లేలు, రెండు పూటలా. రెండున్నరేళ్లు అయింది. నేను స్వయంగా వెళ్లి, ఒక్క పూట సెలవు అడిగించి, ఆటోలో చెరువుకు తీసుకొచ్చాను. నాచు చూసి ఆమె మొహం విప్పారింది. చీర కుచ్చెళ్లు దోపుకుని, నన్ను పట్టించుకోకుండా దిగిపోయింది. బుట్ట పెట్టి, నాచు లాగి, రెండు దెబ్బలు కొట్టింది. రాలాయి. నేను కట్ట మీద నుంచే లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి.

చెయ్యి నీళ్లలో పెట్టి తడిమింది. చాలాసేపు తడిమింది. తరువాత బుట్ట వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించి చూసింది. మళ్లీ తడిమింది. బుట్ట మొత్తం చెరువులోకి వంచేసింది.

ఏమైందని అడిగాను.

"వేళ్లకి తెలియట్లేదమ్మా. సబ్బుపొడికి చర్మం మొద్దుబారింది. ఏది తల్లో ఏది కాదో తెలియట్లా."

చూసి వేరుచెయ్యొచ్చు కదా అన్నాను. చూస్తూ కూర్చుంటే అన్నీ చస్తాయి, నందిగామ బస్సు పోతుంది అంది. నవ్వింది కూడా. రొయ్యలు వచ్చాయిగా, మీ మాట నిలబడిందిగా, ఇక బెంగెట్టుకోకండి అని నా భుజం తట్టింది. ఆ చేతి గరుకు జాకెట్టు మీదుగా తెలిసింది. పదకొండు గంటలకు ఆటో ఎక్కింది, మధ్యాహ్నం పూటకు అందుకోవాలని.

ఆ సాయంత్రం కూర్చుని పుస్తకం మూసే ముందు తీసిన లెక్క ఇది.

2017 ఏప్రిల్ 10కి ముందు ఆ చెరువులో నేను రాసుకున్న ప్రాణుల రకాలు: ఇరవై రెండు.
తిరిగి వచ్చినవి: పద్దెనిమిది.
రానివి: ఆల్చిప్పలు రెండు రకాలు, బిళ్లలా చుట్టుకునే చిన్న నత్త ఒకటి, జమ్ము కాడలెక్కే పెద్ద తూనీగ ఒకటి.
రొయ్యలు లేని వానాకాలాలు: రెండు.
రొయ్యలు పట్టే ఆడవాళ్లు: ఆరుగురు.
మళ్లీ నీళ్లలో దిగినవాళ్లు: ఇద్దరు.
గుడ్లున్న తల్లి రొయ్యను చూడకుండా తడిమి వదలగలిగినవాళ్లు, అప్పుడు: ఒకరు.
ఇప్పుడు: లేరు.